ఆకలికి రుచి తెలుసు: వాల్‌టాక్స్ రోడ్డులో మా రాత్రి బంతి

మా వంటగది చెన్నై పెరంబూరులో ఒక పాత ఇంటి వెనకున్న రేకుల షెడ్డు. అక్కడి నుంచి సోమవారం మొదలు గురువారం దాకా వారానికి నాలుగు రాత్రులు వాల్‌టాక్స్ రోడ్డుకు అన్నం తీసుకెళ్తాం. సెంట్రల్ స్టేషన్ పక్కనుంచి షావుకారుపేట అంచు వెంబడి సాగే రోడ్డు అది. అక్కడ ఫుట్‌పాత్ మీద బతికే 80, 90 మందిని వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తాం. ఇలా మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. బెంగళూరు నుంచి, నెల్లూరు నుంచి, మన తెలుగువాళ్ళే, "మేమూ ఇలాంటిది చేద్దామనుకుంటున్నాం, ఎలా చేస్తున్నారు?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే, మేం చేసిన తప్పులతో సహా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మొదలైంది ఇదంతా. తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందే చెన్నైని ముంచేసింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు లేదు, పాలు లేవు. పక్కింటి మేడ మీద నలుగురు ఆడవాళ్ళం పొయ్యి పెట్టి, ఎవరింట్లో ఉన్న బియ్యం, పప్పు వాళ్ళు తెస్తే అన్నీ కలిపి కిచిడీ వండాం. కింద ఇళ్ళలో ఇరుక్కున్న వాళ్ళకు బకెట్లలో అందించాం. పెరంబూరులో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రైల్వే పనికీ, 1955లో మొదలైన ఐసీఎఫ్ కోచ్ ఫ్యాక్టరీలో పనికీ వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఏళ్ళ తరబడి ఒకరింటి గుమ్మం ఒకరు తొక్కనివాళ్ళు కూడా ఆ వారం కలిసి కూరగాయలు తరిగారు. నీళ్ళు తీశాక ఆ కలయిక వదులుకోబుద్ధి కాలేదు. "సెంట్రల్ దగ్గర ఎంతమంది పస్తులు పడుకుంటున్నారో, ఆదివారం ఆదివారం వాళ్ళకు వండిపెడదాం" అనుకున్నాం.

సంక్రాంతి వెళ్ళాక ప్రతి ఆదివారం మధ్యాహ్నం 200 పొట్లాల పులిహోర పంచేవాళ్ళం. పులిహోర ఎందుకంటే త్వరగా చెడిపోదు, పొట్లం కట్టడం తేలిక, పైగా మన ఇళ్ళలో శుభం. వ్యాన్ ఆపగానే జనం మూగేవాళ్ళు. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయేది. ఇంటికొచ్చి గ్రూపులో "200 భోజనాలు" అని రాసుకునేవాళ్ళం.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా కుర్రాడి పర్సు ఎక్కడో జారిపోతే, వెతుక్కుంటూ పంచిన దారినే వెనక్కి నడిచాం. పర్సు దొరకలేదు. మా పొట్లాలు మాత్రం దొరికాయి. గోడవారన, కాలువ పక్కన, ఒక తోపుడు బండి కింద. కొన్ని విప్పి రెండు ముద్దలు తిని వదిలేసినవి, కొన్ని అసలు విప్పనివి. లెక్కపెడుతూ వెళ్ళి 31 దగ్గర ఆపేశాను. మాతో వచ్చిన ఒకాయనకు కోపం వచ్చింది. "ఆకలి రుచెరుగదంటారు. వీళ్ళు పారేశారంటే ఆకలి లేనట్టే" అన్నాడు. నాకూ కాసేపు అలాగే అనిపించింది.

అక్కడే బండి మీద పడుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచాడు. తమిళంలోనే, కోపం లేకుండా చెప్పాడు. పొద్దున ఒక గుడివాళ్ళు పుళిసాదం, అంటే పులిహోరే, ఇచ్చారట. పదకొండింటికి ఎవరిదో పుట్టినరోజని ఇంకొకరు పుళిసాదం ఇచ్చారట. మాది మూడోది. తర్వాత నోరు తెరిచి చూపించాడు. కింద రెండు పళ్ళు, పైన ఒకటి. మేం ధారాళంగా వేసిన వేరుశనగ గుళ్ళు, శనగపప్పు ఆయన ఎలా నమలాలి? మావా అనే పొగాకు నమిలి నమిలి చెంప లోపల పూసిన వాళ్ళకు చింతపండు పులుపు తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది. పొట్లం ఇచ్చాం గానీ నీళ్ళు ఇవ్వలేదు. ఆయన ఇంకో మాట కూడా అడిగాడు. "ఆదివారం అందరూ వస్తారు. మంగళవారం ఎవరైనా వస్తారా?"

ఆ తర్వాత రెండు వారాలు ఏమీ వండలేదు. నోట్‌బుక్ పట్టుకుని ఇద్దరిద్దరం విడిపోయి, ఒక్కోరోజు ఒక్కో వేళ అక్కడ కూర్చున్నాం. ఎవరు తింటున్నారు, ఎప్పుడు, ఎక్కడినుంచి అని రాసుకున్నాం. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదేనని గట్టిగా చెబుతాను. మేం మాత్రం నాలుగు నెలలు ఆలస్యంగా చేశాం.

మేం ఒకే గుంపుగా చూసినవాళ్ళు నిజానికి వేర్వేరు మనుషులు. జార్జ్ టౌన్ ఫుట్‌పాత్‌ల మీద తరాలుగా ఉంటున్న కుటుంబాలున్నాయి. పిల్లలు బడికి వెళ్తారు, ఆడవాళ్ళు అక్కడే రాళ్ళపొయ్యి మీద వండుకుంటారు. మన పొట్లంతో వాళ్ళకు పెద్ద పని లేదు. "వండినది వద్దమ్మా, నూనె, కందిపప్పు ఇస్తే మేమే వండుకుంటాం" అని ఒకావిడ నేరుగానే చెప్పింది. ఒంటరి మగవాళ్ళు ఇంకో రకం. బండి లాగేవాళ్ళు, లారీ ఆఫీసుల్లో మూటలు మోసేవాళ్ళు, అట్టలు, ప్లాస్టిక్ ఏరుకునేవాళ్ళు. చేతిలో డబ్బులుంటే వీళ్ళు పగలు అమ్మ ఉణవగంలో, అంటే కార్పొరేషన్ నడిపే చౌక క్యాంటీన్లో తింటారు. 2013 ఫిబ్రవరిలో మొదలైన ఆ క్యాంటీన్లలో ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు రూపాయలు. కూలి దొరికిన రోజు ఫర్వాలేదు, దొరకని రోజే కష్టం. వీళ్ళు కాక ముసలివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, మనసు చెదిరినవాళ్ళు ఉన్నారు. వ్యాన్ చుట్టూ మూగే గుంపులో వీళ్ళెప్పుడూ లేరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా, అడగలేనివాళ్ళు మా 200 లెక్కలో లేనే లేరు.

వేళ సంగతి కూడా తేలిపోయింది. ఆదివారం మధ్యాహ్నం దాతల రద్దీ. శుక్ర, శనివారాల్లో గుళ్ళ దగ్గరో దర్గాల దగ్గరో ఏదో ఒకటి దొరుకుతుంది. సోమవారం నుంచి గురువారం దాకా రాత్రుళ్ళు ఎవరూ రారు. పైగా టోకు దుకాణాల షట్టర్లు పడ్డాకే ఫుట్‌పాత్ వాళ్ళ చేతికొస్తుంది. అంటే రాత్రి తొమ్మిదికి గానీ వాళ్ళు ఒకచోట కుదురుగా కూర్చోలేరు. మేం వెళ్ళాల్సింది ఆ వేళకే.

అలా 200 పొట్లాలు మాని, 80 మందికి నాలుగు రాత్రులు అనుకున్నాం. గ్రూపులో గొడవే అయింది. 200 నుంచి 80కి దిగడమంటే వెనకడుగని కొందరు మానేశారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు వారం మధ్యలో రాత్రి పదిన్నర దాకా ఉండగలరా అని నాకూ భయమే. ఉండగలిగినవాళ్ళు పదకొండుమంది తేలారు. బ్యాంకు ఉద్యోగి ఒకరు, ఓఎంఆర్‌లో ఐటీ పని చేసే ముగ్గురు కుర్రాళ్ళు, రిటైరైన టీచరమ్మ ఒకరు, మిగతా మా వీధి ఆడవాళ్ళు. వంటకు మా పిన్ని. వరసకు పిన్ని కాదు, అందరూ అలాగే పిలుస్తాం. గూడూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో వండింది.

కొత్త పద్ధతి మొదలెట్టిన మే నెలలోనే మా వల్ల ఒక పెద్ద తప్పు జరిగింది. ఎవరికీ జరగకూడదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అప్పటికింకా పొట్లాలే కట్టేవాళ్ళం. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు సాయంత్రం రాలేరని మధ్యాహ్నం మూడున్నరకే సాంబారన్నం కలిపేశాం. ఐదింటికి వేడివేడిగా రేకు కవర్లలో నింపి, మూటలు కట్టి షెడ్డులో పెట్టాం. రోహిణి కార్తె ఎండలు, పైన రేకులు. రాత్రి తొమ్మిదికి అక్కడ మూట విప్పితే పులిసిన వాసన. అప్పటికే ఒక కొసనుంచి నలభై దాకా పంచేశారు. పరుగెత్తి, చేతుల్లోంచి లాక్కున్నట్టే వెనక్కి తీసుకున్నాం. కొందరు అప్పటికే తినేశారు. అర్ధరాత్రి ఇద్దరికి వాంతులు. 108 పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్తే, సెలైన్ ఎక్కించి తెల్లారాక పంపారు. రాత్రంతా నేను ఆ బెంచీ మీదే కూర్చున్నాను. పస్తున్నా బాగానే ఉండేవాళ్ళు, మా అన్నం తిని మంచాన పడ్డారు. ఈ మాట నాకు నేను చాలా రోజులు చెప్పుకున్నాను.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. బియ్యం ఉడికినా దాని బీజకణాలు చావవు. అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి మూతపెట్టి ఉంచితే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే వండినదాన్ని 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉంచాలి. ఈ రెండింటి మధ్య ఎంతసేపుంటే అంత ప్రమాదం. పప్పు కలిసిన అన్నం పొట్లంలో ఉక్కబోసి ఆ మధ్య వేడిలోనే నిలిచిపోతుంది. పెళ్ళివంటల్లో ముప్పై ఏళ్ళున్న పిన్నికి ఇది వేరేలా తెలుసు. "వార్చిన అన్నం, కాగిన చారు పెళ్ళిపందిట్లోనే కలవాల, వంటింట్లో కలిపితే పులుస్తాది" అంది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు చదువుకున్నోళ్ళు, పొట్లమన్నారు, నేనేం అనేది" అంది. ఆ జవాబు నన్ను ఇంకా పొడుస్తూనే ఉంటుంది.

అప్పటినుంచి మార్చినవి. వంట సాయంత్రం ఆరింటికి ముందు మొదలుకాదు. అన్నం వేరు, సాంబారు వేరు, స్టీలు హాట్‌బాక్సుల్లో వెళ్తాయి. పొడవాటి సూది ఉన్న థర్మామీటరు ఒకటి కొన్నాం. బయల్దేరేటప్పుడు, వడ్డించేముందు గిన్నె నడిమధ్యలో గుచ్చి చూసి నోట్‌బుక్‌లో రాస్తాం. 60 కంటే తగ్గితే వడ్డించం. తొమ్మిది తర్వాత గంట దాటితే మిగిలింది మిగిలినట్టే పక్కకు తీసేస్తాం. ప్రతి రాత్రి ఒక డబ్బాలో కొంచెం తీసి మర్నాడు సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో ఉంచుతాం, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే చూడ్డానికి. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో రిజిస్ట్రేషన్ కూడా చేయించాం. ఉచితంగా పెట్టేవాళ్ళకు చట్టంతో పనేముందని చాలామంది అనుకుంటారు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం లాభం చూసుకునేవాళ్ళకూ చూసుకోనివాళ్ళకూ ఒకేలా వర్తిస్తుంది. పెళ్ళిళ్ళలో మిగిలినవి తీసుకెళ్ళమని ఫోన్లు వస్తుంటాయి. మిగిలిన ఆహారం సేకరించి పంచడానికి 2019లో విడిగా నిబంధనలే వచ్చాయి. వాటి ప్రకారం నడిపే సత్తా మాకు లేదు కాబట్టి తీసుకోం. గ్యాసు కూడా ఇంటి సిలిండర్ కాదు, 19 కిలోల వాణిజ్య సిలిండర్. ఖర్చు ఎక్కువే, కానీ షెడ్డులో ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది మేమే.

అన్నం, సాంబారు విడివిడిగా వెళ్తే పొట్లం ఎలా కడతాం? పిన్నే దారి చూపించింది. "పొట్లం తిన్నోడు మారు ఎట్టా అడుగుతాడు? బంతి వెయ్యండి" అంది.

ఆ మాటతో మా పని తీరే మారిపోయింది. ఒక లారీ ఆఫీసు అరుగు ముందు, షట్టరు పడ్డాక, పొడవాటి చాపలు పరిచాం. వాచ్‌మన్‌తో, ఆఫీసువాళ్ళతో, దగ్గర్లో పోలీసులతో ముందే మాట్లాడుకున్నాం. 100 స్టీలు పళ్ళాలు కొని, ఒక్కో పళ్ళెంలో అరటాకు ముక్క పరిచి వడ్డిస్తాం. ఆకు ఉంటే పళ్ళెం కడగడం తేలిక. పైగా ఆకు మీద వేడన్నం పడగానే వచ్చే వాసనకు, అప్పటిదాకా మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్కసారి పళ్ళెంలోకి చూస్తారు. ప్రతి రాత్రీ అది చూస్తాను, ఇంకా విసుగు రాలేదు. ముందు నీళ్ళు, తర్వాత అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, చివర్న మజ్జిగ. వడ్డించేవాళ్ళు వంగి, కళ్ళలోకి చూసి, "ఇంకొంచెం వెయ్యనా?" అని అడగాలి. ఇది నియమం.

నోట్‌బుక్‌లో "ఎన్ని భోజనాలు" అన్న గడి కొట్టేసి "మారు ఎందరు అడిగారు" అని పెట్టాం. మొదటి వారం ఒక రాత్రి 64 మంది కూర్చుంటే మారు అడిగింది ఏడుగురే. మిగతావాళ్ళు పెట్టింది తిని, ఎవరో తరుముతున్నట్టు లేచిపోయారు. ఏళ్ళ తరబడి వరసలో నిలబడి ఒక్కటే తీసుకున్న అలవాటు. రెండు నెలలకు సగంమంది దాకా మారు అడగసాగారు. ఆ తర్వాత ఇంకో మంచి మాట వినబడింది. "చాలు." చేయి అడ్డంపెట్టి, "చాలమ్మా, చాలు" అనడం. పొట్లంలో చాలు అనే వీలుండదు, అందుకే అది కాలువలోకి వెళ్ళేది. ఇప్పుడు పళ్ళాల్లో మిగిలేది మొత్తం కలిపినా ఒక చిన్న బకెట్ అడుగు దాటదు.

అన్నం విషయంలోనూ మా ఇంటి అలవాటే వాళ్ళమీద రుద్దాం మొదట్లో. మనం తినే సోనామసూరి, పొడిపొడిగా. బండి లాగేవాళ్ళు తిన్నారు గానీ, "పది గంటలకు తింటే పన్నెండుకే ఆకలేస్తుంది" అన్నారు. వాళ్ళకు అలవాటు ఉప్పుడు బియ్యం. అది కడుపులో నిలబడుతుందంటారు. మాలో సగంమందికి ఆ వాసన పడదు. మేం తినేది కాదు గదా అని మార్చేశాం. 85 మందికి తొమ్మిది కిలోల బియ్యం, మూడు కిలోల కందిపప్పు. పిన్ని గుండిగలో ఎసరు తెర్లాక బియ్యం పోస్తుంది. ఇరవై నిమిషాలయ్యాక జల్లిగరిటెతో నాలుగు మెతుకులు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతుంది. పెళ్ళి వంటకైతే మధ్యలో చిన్న పలుకు ఉండగానే వార్చేది. ఇక్కడ పలుకు పూర్తిగా పోయేదాకా ఆగుతుంది, పళ్ళు లేనివాళ్ళ కోసం. కూరగాయలు వేలి గోరంత ముక్కలు. మిరపకాయ సగానికి తగ్గించాం, కావాల్సినవాళ్ళకు ఊరగాయ విడిగా. వార్చిన గంజి పారబోయం. ఉప్పు వేసి ఒక క్యాన్‌లో తెస్తాం, జ్వరంగా ఉన్నవాళ్ళు అన్నం ముట్టకపోయినా గ్లాసుడు గంజి తాగుతారు. బుధవారం ఉడికించిన గుడ్డు.

ఇక డబ్బా సంగతి. మొదట్లో "ఇక్కడే కూర్చుని తినాలి, డబ్బాలో పెట్టం" అని నియమం పెట్టుకున్నాం. మూటకట్టి అమ్ముకుంటారని ఎవరో భయపెట్టారు, చెడిపోయి మళ్ళీ ఎవరికైనా వాంతులవుతాయేమోనని నా టెన్షన్ నాది. బంతిలో చివర కూర్చునే ఒక ముసలమ్మ, అరవై ఐదేళ్ళుంటాయేమో, మారు పెట్టించుకున్న తెల్లన్నాన్ని చీరచెంగు చాటున ఒక టిఫిన్ డబ్బాలోకి తోస్తుంటే మా కుర్రాడు చూసి, "అదెల్లాం కూడాదు పాటీ" (అలా కూడదు అవ్వా) అని ఆపాడు. ఆమె ఏమీ అనకుండా డబ్బా మూసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడోరోజు వెతుక్కుంటూ వెళ్ళాను. సెంట్రల్ వైపు ఒక మూసిన కొట్టు మెట్ల మీద అట్టలు పేర్చుకుంటోంది. తమిళంలో పలకరిస్తే తలెత్తలేదు. పక్కన పెట్టిన సంచి మీద తెలుగు అక్షరాలు కనిపించి, "ఏ ఊరమ్మా మనది?" అన్నాను.

అట్టలు వదిలేసి నావైపు చూసింది. "సూళ్ళూరుపేట పక్కన. నువ్వు తెలుగుదానివా తల్లీ?"

సూళ్ళూరుపేట నుంచి సెంట్రల్‌కు లోకల్ రైలుంది. కొడుకుతో మాటపడి ఎక్కిందట, నాలుగేళ్ళయింది. ఆ కథంతా ఇక్కడ రాయను, అది ఆమెది. డబ్బా ఎందుకని అడిగితే, నాకు అంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "నాలుగింటికే లేస్తాను తల్లీ. తెల్లారితే మునిసిపాలిటీ బండి వచ్చి అట్టలన్నీ ఎత్తకపోతాది. కడుపులో ఏమన్నా పడాల గదా. తెల్లన్నంలో నీళ్ళు పోసిపెట్టుకుంటే పొద్దున్నే చద్ది. నీ సాంబారు పోస్తే పులిసిపోతాది, అందుకే తెల్లన్నమే తీసుకుంటా."

క్యాంటీన్ తెరిచేది ఏడింటికి. ఆమె పని నాలుగింటికి. ఆ మూడు గంటల ఆకలి మా లెక్కలో ఎక్కడా లేదు. మేం ఆహార భద్రత గురించి చదివి నేర్చుకున్నదాన్ని ఆమె తన పద్ధతిలో ముందే పాటిస్తోంది, తెల్లన్నమే తీసుకుంటోంది. నియమం మార్చాం. డబ్బా తెచ్చుకున్నవాళ్ళకు చద్దికి విడిగా తెల్లన్నం, ఉప్పు, ఒక ఉల్లిపాయ, పచ్చిమిర్చి. వేడన్నంలో వెంటనే నీళ్ళు పోసుకుంటారు, పొద్దున్నే తినేస్తారు, మధ్యాహ్నం దాకా ఉంచరు. పుస్తకం ప్రకారం ఇది పూర్తిగా సరైనదని అనను. అన్నాన్ని బయట ఉంచకూడదనే ఏ నిబంధనైనా చెబుతుంది. కానీ ఫుట్‌పాత్ మీద ఫ్రిజ్ లేదు, తరతరాలుగా చద్దన్నం తిన్న మనిషికి పొద్దున పస్తుండమని చెప్పే నోరు నాకు లేదు. ఇప్పుడు 30 మంది దాకా డబ్బాలు తెచ్చుకుంటారు. డబ్బాలు మరిగే నీళ్ళతో కడిగిచ్చే పని మా టీచరమ్మది.

రోజూ ఒకే చోట, ఒకే వేళకు, అవే మొహాలు కనిపిస్తుంటే అన్నంతో పాటు మిగతా విషయాలూ బయటపడతాయి. ఒక మూటలు మోసే ఆయన బంతిలోనే చెమటలు పట్టి పక్కకు ఒరిగిపోయాడు. జేబులో షుగరు జబ్బుకు వాడే గ్లిమిపిరైడ్ మాత్రల అట్ట దొరికింది. ఆ మాత్ర వేసుకుని అన్నం తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆయన పొద్దున వేసుకున్నాడు, కూలి దొరక్క పగలంతా ఏమీ తినలేదు. తెలివి ఉండబట్టి చక్కెర నీళ్ళు తాగించాం, తేరుకున్నాడు. అప్పటినుంచి బెల్లం, చక్కెర పొట్లం సరంజామాలో ఉంటాయి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, 108కి ఫోన్ చేయాలని వడ్డించే ప్రతివాళ్ళకూ నేర్పించాం. ఇంకొకాయన బంతిలో కూర్చోడు. దీపస్తంభం కింద అటు తిరిగి నిలబడి తనలో తనే మాట్లాడుకుంటుంటాడు. ఒకే కుర్రాడు రోజూ పళ్ళెం తీసుకెళ్ళి నాలుగడుగుల దూరంలో పెట్టి వచ్చేస్తాడు. నాలుగు నెలలకు ఆయన ఒకరోజు పళ్ళెం తానే తెచ్చి టబ్బు దగ్గర పెట్టాడు. మతి స్థిమితం లేక తిరిగేవాళ్ళను కాపాడే బాధ్యత పోలీసులదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆయనతో ముందు మాట కలిపేవాళ్ళు లేకుండా వ్యాన్ ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ఆ ప్రయత్నం ఇంకా జరుగుతోంది.

ఆశ్రయాల గురించి తప్పకుండా అడుగుతారు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు నడపాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. చెన్నై కార్పొరేషన్ కూడా స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఆశ్రయాలు నడుపుతోంది. మా బంతి నుంచి ఇప్పటిదాకా వెళ్ళి అక్కడ నిలదొక్కుకున్నవాళ్ళు ముగ్గురే. మిగతావాళ్ళ కారణాలు చిన్నవిగా కనిపిస్తాయి. బండి ఎక్కడ పెట్టాలి, ఏరిన అట్టలు ఎవరు చూస్తారు, పెంచుకున్న కుక్కను రానిస్తారా. కొన్నాళ్ళు ఒప్పించాలని చూశాను, ఇప్పుడు అడిగినవాళ్ళకు తోడు వెళ్తున్నాం, అంతే.

డబ్బు గురించి ఎక్కువ చెప్పేది లేదు. మనిషికి 35 రూపాయల దాకా అవుతుంది, గుడ్డు రోజు ఇంకొంచెం ఎక్కువ. ఎక్కువభాగం మా పదకొండుమంది, మా చుట్టాలే వేసుకుంటాం. బయటి దాతల విషయంలో ఒక్క నియమం, తినేవాళ్ళ ఫొటో తీయకూడదు. "మా పాప పుట్టినరోజు, పాప చేత్తో ఇస్తున్నట్టు ఒక్క ఫొటో" అని అడిగినవాళ్ళను వద్దన్నాం. రెండు పెద్ద విరాళాలు పోయాయి. మనింట్లో బంతికి కూర్చున్న చుట్టం నోట్లో ముద్ద పెట్టుకుంటుంటే కెమెరా పెడతామా? పాపను వడ్డించడానికి తీసుకురమ్మని పిలిచాం. ఒక కుటుంబం అలా వచ్చి, ఇప్పుడు ప్రతి మంగళవారం వస్తోంది. ఆ పాప మజ్జిగ పోస్తుంది.

సరిగ్గా కుదరనివి ఇంకా ఉన్నాయి. వాన రాత్రుళ్ళు చాపలు వేయలేం, అందరూ ఎక్కడెక్కడో తలదాచుకుంటారు. అప్పుడు హాట్‌బాక్స్ మోసుకుంటూ తిరిగి పెట్టాల్సిందే, మారు వడ్డన ఉండదు. బంతిలో ఆడవాళ్ళు తక్కువ. మగవాళ్ళ మధ్య కూర్చోవడానికి జంకుతారని ఆలస్యంగా గమనించి, అరుగు రెండో వైపు వాళ్ళకు వేరే చాప వేశాం. ఆరుగురు ఉండేవాళ్ళు, ఇప్పుడు పదిహేనుమంది దాకా వస్తున్నారు. ఇంకా రానివాళ్ళున్నారని నాకు తెలుసు.

సూళ్ళూరుపేట అమ్మ గురువారం గురువారం డబ్బా మూత బిగిస్తూ అడుగుతుంది, "రేపు ఉండాదా తల్లీ?"

"రేపు లేదమ్మా, మళ్ళీ సోమవారం."

శుక్రవారం, శనివారం, ఆదివారం అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని తలూపుతుంది. శుక్రవారం కూడా బంతి వేయాలని రెండు నెలలుగా చూస్తున్నాం. బియ్యానికి దాత దొరికారు. వంటకు పిన్ని సరేనంది. రాత్రి పదింటికి గిన్నెలు, పళ్ళాలు కడగడానికి ఇంకా ఇద్దరు కావాలి.